రెయిడ్ 5, 6, 10: డిస్కు పోయే రోజును లెక్కలో పెట్టుకుని ఎంచుకోవడం ఎలా

రెయిడ్ (కొన్ని డిస్కులను ఒకే డ్రైవ్‌గా కలిపి వాడే పద్ధతి) పెట్టాలనుకునేవారు సాధారణంగా రెండే ప్రశ్నలు అడుగుతారు. ఎంత చోటు మిగులుతుంది? ఎంత వేగంగా ఉంటుంది? రెండూ అడగాల్సినవే. కానీ వాటికి జవాబు డిస్కులు అమ్మే దుకాణంలో కూడా నిమిషంలో దొరుకుతుంది. మూడో ప్రశ్న ఎవరూ అడగరు: రెండేళ్ల తరువాత, పెళ్లిళ్ల సీజన్ నడుమ ఒక డిస్కు ఆగిపోయిన రోజున ఆ పెట్టె ముందు కూర్చునేది ఎవరు? వారికి ఏం చేయడం తెలుసు? ఎంపిక ఈ ప్రశ్నతోనే మొదలుకావాలని నా అభిప్రాయం. బాగు చేసుకోవడం చేతకాని గొప్ప రెయిడ్ కన్నా, బాగు చేసుకోగల మామూలు రెయిడ్ మేలు.

ఉదాహరణకు ఒక చిన్న వీడియో స్టూడియోను తీసుకుందాం. ఒక ఎడిటింగ్ కంప్యూటర్, నాలుగు 4 టీబీ డిస్కులు, వాటి నిండా పెళ్లి ఫుటేజీ. ఆడిటర్ ఆఫీసుకైనా, సీసీ కెమెరాల రికార్డింగుకైనా లెక్కలు ఇవే. ప్రాధాన్యాలు మాత్రం మారతాయి.

ముందు చోటు లెక్క

నాలుగు 4 టీబీ డిస్కులను రెయిడ్ 0గా కలిపితే 16 టీబీ వస్తుంది. రెయిడ్ 5లో ఒక డిస్కంత చోటు ప్యారిటీకి (పోయిన డేటాను తిరిగి రాబట్టే లెక్కకు) పోయి 12 టీబీ మిగులుతుంది. రెయిడ్ 6లో రెండు డిస్కులంత పోయి 8 టీబీ. రెయిడ్ 10లో డిస్కులు జంటలు జంటలుగా ఒకదానికొకటి నకలుగా ఉంటాయి కనుక అక్కడా 8 టీబీయే. విండోస్‌లో చూస్తే ప్రతి 4 టీబీ డిస్కూ సుమారు 3.64గా కనిపిస్తుంది. తయారీదారు వెయ్యి చొప్పున, విండోస్ 1024 చొప్పున లెక్కపెట్టడం వల్ల వచ్చే తేడా అది. మిగతాది రెయిడ్ మింగేసిందని అనుమానించనక్కరలేదు.

రెయిడ్ 0 గురించి రెండు ముక్కలు చాలు. ఒక్క డిస్కు పోతే నాలుగింటిలోని డేటా పోతుంది. 1988లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ ఈ పద్ధతిని ప్రతిపాదించినప్పుడు వారి జాబితా 1తో మొదలై 5తో ముగిసింది. సున్నా తరువాత వచ్చి చేరింది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ క్యాష్‌కు (తాత్కాలిక ఫైళ్లకు), మళ్లీ తయారు చేసుకోగలిగిన ప్రీవ్యూ ఫైళ్లకు తప్ప దాన్ని వాడకండి. ఇక ఉన్నవి రెండే డిస్కులైతే ఆలోచించే పనే లేదు, రెయిడ్ 1 (రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా ఉండే మిర్రర్) పెట్టుకోండి. అసలు తర్జనభర్జన అంతా నాలుగు డిస్కుల దగ్గరే.

5, 6, 10: తేడా తెలిసేది రీబిల్డ్‌లో

ప్యారిటీ అంటే ఏమిటో ఒకసారి చేత్తో చేసి చూస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. మూడు డిస్కుల్లో ఒకే స్థానంలో 1011, 0110, 1100 అనే అంకెలు ఉన్నాయనుకోండి. నిలువుగా చూస్తూ ప్రతి వరుసలో ఒకట్ల సంఖ్య సరిసంఖ్య అయ్యేలా నాలుగో డిస్కులో అంకె వేయాలి. మొదటి మూడు నిలువు వరుసల్లో రెండేసి ఒకట్లు ఇప్పటికే ఉన్నాయి, అక్కడ సున్నాలు. చివరి వరుసలో ఒక్కటే ఉంది, అక్కడ 1. అంటే ప్యారిటీ 0001. ఇప్పుడు రెండో డిస్కు పోయిందనుకుని దాని అంకెలను చెరిపేసి, మిగిలిన మూడింటితో అదే సరిసంఖ్య నియమం పాటించండి. 0110 మళ్లీ వచ్చేస్తుంది. రెయిడ్ 5 చేసేది ఇంతే. ఒకే డిస్కు మీద భారం పడకుండా ఈ ప్యారిటీని అన్ని డిస్కుల మీదా వంతులవారీగా పరుస్తుంది.

గమనించాల్సింది ఏమిటంటే, పోయిన ఒక్క డిస్కును తిరిగి రాయడానికి (రీబిల్డ్ అంటే ఇదే) మిగిలిన మూడింటినీ మొదటి నుంచి చివరి దాకా చదవాలి. రెయిడ్ 10లో అలా కాదు. పోయిన డిస్కు జంటను ఒక్కదాన్ని చదివి నకలు తీస్తే చాలు. 4 టీబీ డిస్కు సెకనుకు 150 ఎంబీ వేగంతో ఎక్కడా ఆగకుండా నడిస్తే ఆ పనికి దాదాపు ఏడున్నర గంటలు పడుతుంది. 16 టీబీ డిస్కయితే, వేగం 200 ఎంబీ అనుకున్నా, 22 గంటలు దాటుతుంది. ఇది ఎవరూ కంప్యూటర్‌ను ముట్టుకోనప్పటి లెక్క. పక్కన ఎడిటింగ్ కూడా సాగుతుంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది. అంతసేపూ రెయిడ్ 5కు ఏ రక్షణా ఉండదు. అదే సమయంలో మిగిలిన మూడు డిస్కులూ తాము ఎన్నడూ చేయనంత పని చేస్తుంటాయి.

ఇక్కడే ఒక అంకె తరచూ వినిపిస్తుంది. మామూలు డిస్కుల వివరాల పత్రంలో, చదవలేని లోపం 10 ఘాతం 14 బిట్లకు ఒకటి మించదని రాసి ఉంటుంది. బైట్లలోకి మారిస్తే అది 12.5 టీబీ. మన నాలుగు డిస్కుల రెయిడ్ 5 రీబిల్డ్ కావాలంటే చదవాల్సింది 12 టీబీ. కనుక రీబిల్డ్ దాదాపుగా విఫలమే అవుతుందని కొందరు బెదిరిస్తారు. అంత భయం అక్కరలేదు. ఆ అంకె తయారీదారు పెట్టుకున్న పైహద్దు. బాగున్న డిస్కులు అంతకన్నా ఎంతో మెరుగ్గా నడుస్తాయి. అసలు ప్రమాదం వేరే చోట ఉంది. మూడేళ్ల కిందటి ఒక పెళ్లి ఫైలు ఉన్న సెక్టార్ (డిస్కులో ఒక చిన్న గడి) ఎప్పుడో పాడైపోయి ఉంటుంది. దాన్ని ఎవరూ తెరవలేదు కనుక ఎవరికీ తెలియదు. సరిగ్గా రీబిల్డ్ రోజున, ప్రతి సెక్టార్‌నూ చదవక తప్పనప్పుడు, అది బయటపడుతుంది. కొన్ని రెయిడ్ కార్డులు (రెయిడ్‌ను నడిపే విడి బోర్డులు) అక్కడితో రీబిల్డ్ ఆపేసి చేతులెత్తేస్తాయి.

కాబట్టి నెలకోసారి డిస్కులన్నింటినీ ఆసాంతం చదివించే తనిఖీ, మీరు ఎంచుకునే రెయిడ్ స్థాయి కన్నా ముఖ్యం. డెబియన్ లినక్స్‌లో ఇది నెల మొదటి ఆదివారం దానంతటదే మొదలవుతుంది. "ఆదివారం పూట సర్వర్ ఎందుకో నత్తనడక నడుస్తోంది" అని కంగారుపడే వారికి చాలాసార్లు కారణం ఇదే. దాన్ని ఆపకండి. నాస్ పెట్టెల్లో (నెట్‌వర్క్‌కు తగిలించి వాడే డిస్కుల పెట్టెల్లో) మాత్రం మీరే మెనూలోకి వెళ్లి ఆన్ చేసి షెడ్యూలు పెట్టాల్సి రావచ్చు.

రెయిడ్ 6 రెండో రకం ప్యారిటీని కూడా ఉంచుతుంది కనుక ఏ రెండు డిస్కులు పోయినా నిలుస్తుంది. రెయిడ్ 10 అలా హామీ ఇవ్వదు. ఒక డిస్కు పోయాక మిగిలిన మూడింటిలో ఒకటి దాని జంట. అది కూడా పోతే అంతా పోయినట్టే. మిగతా రెండింటిలో ఏది పోయినా ఫరవాలేదు. చోటు రెండింటికీ 8 టీబీయే అయినప్పుడు రెయిడ్ 10ను ఎందుకు ఎంచుకోవాలి? రాత వేగం కోసం. చిన్న చిన్న రాతల్లో రెయిడ్ 10 రెండు డిస్కుల మీద రాసి ఊరుకుంటుంది. రెయిడ్ 5 పాత డేటాను, పాత ప్యారిటీని చదివి, కొత్తవి రెండూ రాయాలి. మొత్తం నాలుగు పనులు. రెయిడ్ 6కు ఆరు. డేటాబేసులకు, వర్చువల్ మెషీన్లకు ఈ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. పెద్ద వీడియో ఫైలును ఒకే ధారగా రాసేటప్పుడు అంతగా తెలియదు.

నా సలహా ఇది: నేరుగా ఆ డిస్కుల మీదే ఎడిటింగ్ చేస్తే రెయిడ్ 10. పని పూర్తయిన ఫుటేజీని దాచుకోవడానికైతే రెయిడ్ 6. రెయిడ్ 5ను చిన్న డిస్కులకు లేదా ఎస్‌ఎస్‌డీలకు పరిమితం చేయండి, అదీ బ్యాకప్ ఉంటేనే. "రెయిడ్ 5 పెట్టి నాలుగో డిస్కును హాట్ స్పేర్‌గా ఉంచుతాను" అనేవారు ఒక్క క్షణం లెక్క వేసుకోవాలి. మూడింటితో రెయిడ్ 5 అంటే 8 టీబీ; నాలుగింటితో రెయిడ్ 6 అన్నా 8 టీబీయే. మొదటి పద్ధతిలో నాలుగో డిస్కు ఖాళీగా తిరుగుతూ, ప్రమాదం జరిగాక పనిలోకి దిగుతుంది. రెండో పద్ధతిలో అది మొదటి రోజు నుంచే కాపలా కాస్తుంది.

నడిపించేది ఎవరు: మదర్‌బోర్డా, కార్డా, సాఫ్ట్‌వేరా?

స్థాయి ఎంచుకోవడం కన్నా ఇది పెద్ద నిర్ణయం. దీన్ని చాలామంది నిర్ణయమని గుర్తించరు కూడా. మదర్‌బోర్డు బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే ముందు నడిచే సెటప్ ప్రోగ్రామ్‌లో) రెయిడ్ అని ఒక మెనూ కనిపిస్తుంది, నొక్కేస్తారు.

మదర్‌బోర్డు రెయిడ్‌లో నిజంగా పని చేసేది విండోస్‌లోని డ్రైవరే. బోర్డు మీద ప్రత్యేకమైన ప్రాసెసర్ ఏదీ ఉండదు. దీనికే సొంతమైన జబ్బు ఒకటుంది. కొన్నేళ్లకు బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోతుంది, లేదా ఎవరో బయోస్ అప్‌డేట్ చేస్తారు. సెట్టింగులు మొదటికి వచ్చి సాటా మోడ్ (డిస్కులను ఎలా చూడాలో చెప్పే సెట్టింగ్) రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకి, అంటే విడి డిస్కుల పద్ధతికి, మారిపోతుంది. మరునాడు విండోస్ నీలి తెర చూపుతుంది. లేదా వేరే డిస్కు నుంచి బూట్ అయితే, రెయిడ్ డిస్కులు విడివిడిగా కనిపించి, వీటిని ఇనీషియలైజ్ (ఖాళీ కొత్త డిస్కులుగా సిద్ధం) చేయమంటారా అని అడుగుతుంది. చేయవద్దు. డిస్కులకు ఏమీ కాలేదు. బయోస్‌లోకి వెళ్లి మోడ్‌ను తిరిగి రెయిడ్‌గా మారిస్తే చాలావరకు అంతా యథాస్థితికి వస్తుంది. బోర్డే కాలిపోతే అలాంటి చిప్‌సెట్ ఉన్న మరో బోర్డు వెతకాలి. ఇంటెల్ వారి పద్ధతిలో రాసినదైతే లినక్స్ చదవగలదు, అది కొంత ఊరట. అయినా కొత్తగా పెట్టుకునే వారికి దీన్ని నేను సిఫారసు చేయను.

హార్డ్‌వేర్ కార్డు సంగతి వేరు. దానికి సొంత ప్రాసెసర్, సొంత మెమొరీ ఉంటాయి. కరెంటు పోయినా మెమొరీలోని రాతలు చెదరకుండా బ్యాటరీయో కెపాసిటరో కాపాడుతుంది. సర్వర్ గదిలో, నిర్వహణ ఒప్పందం ఉన్న చోట అది బాగానే నడుస్తుంది. చిన్న ఆఫీసులో దాని తంటాలు రెండు. మొదటిది ఆ బ్యాటరీయే. అది బలహీనపడగానే కార్డు జాగ్రత్త కోసం క్యాష్‌ను (ఆ సొంత మెమొరీని) పక్కనబెట్టి నేరుగా డిస్కులకే రాయడం మొదలుపెడుతుంది. నిన్నటి దాకా పరుగెత్తిన సర్వర్ ఒక్కసారిగా ఈడ్చుకుంటూ నడుస్తుంది. అందరూ డిస్కులనో వైరస్‌నో అనుమానించి, కొత్త డిస్కులు కొని, చివరికి కార్డు లాగ్ తెరిస్తే అక్కడ బ్యాటరీ హెచ్చరిక ఎన్నాళ్లుగానో ఉంటుంది. వేగం హఠాత్తుగా పడిపోతే ముందు చూడాల్సింది ఆ లాగే.

రెండోది, కార్డు చచ్చిపోతే అదే కుటుంబానికి చెందిన కార్డు మళ్లీ కావాలి. సికింద్రాబాద్ సీటీసీలోనో చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో కంప్యూటర్ దుకాణాలన్నీ తిరిగితే పాత సర్వర్ కార్డు దొరకవచ్చు, దొరకకపోవచ్చు. దొరికిన కార్డుకు డిస్కులు తగిలించగానే అది "ఫారిన్ కాన్ఫిగరేషన్" కనిపించిందని చెబుతుంది. అంటే డిస్కుల మీద వేరే కార్డు రాసిన వివరాలు ఉన్నాయని అర్థం. కింద రెండు దారులు చూపుతుంది: ఇంపోర్ట్, క్లియర్. ఇంపోర్ట్ నొక్కితే పాత రెయిడ్ తిరిగి నిలబడుతుంది. క్లియర్ నొక్కితే ఆ వివరాలు చెరిగిపోతాయి. సగం నిద్రలో ఉన్నప్పుడు ఈ తెర ముందు కూర్చోకండి.

లినక్స్‌లో ఎండీఏడీఎం అనే ప్రోగ్రామ్‌తో కట్టే సాఫ్ట్‌వేర్ రెయిడ్ నాకు ఇష్టమైనది. కారణం వేగం కాదు, పారదర్శకత. కంప్యూటర్ మొత్తం కాలిపోయినా డిస్కులు తీసి ఏ లినక్స్ యంత్రానికి తగిలించినా గుర్తుపడుతుంది. మహా అయితే పేరు మారి ఎండీ 127గా కనిపిస్తుంది; సెట్టింగుల ఫైలులో వివరాలు చేర్చితే పాత పేరు వస్తుంది. దాని పరిస్థితి తెలిపే ఎండీస్టాట్ ఫైలు ఒక్కటి చదవడం వస్తే సగం పని వచ్చినట్టే. నాలుగు డిస్కులూ బాగుంటే అక్కడ చదరపు బ్రాకెట్ల మధ్య వరుసగా నాలుగు యు అక్షరాలు ఉంటాయి. ఒకటి పోతే దాని స్థానంలో కింది గీత కనిపిస్తుంది. కింద "చెక్" అని ఉంటే నెలవారీ తనిఖీ నడుస్తోంది. "రీసింక్" అంటే కరెంటు పోవడం వంటిదేదో జరిగి డిస్కుల మధ్య పొంతన సరిచూసుకుంటోంది. "రికవరీ" అంటే కొత్త డిస్కు నిండుతోంది. ఒకే రకంగా కనిపించే ఈ మూడింటిలో కంగారుపడాల్సింది చివరిదాని విషయంలోనే.

అయితే ఎండీఏడీఎంకు ఒక పరిమితి ఉంది. మిర్రర్‌లోని రెండు నకళ్లు ఒకదానితో ఒకటి సరిపోలకపోతే ఏది అసలో దానికి తెలియదు. ఈ లోటు తీర్చేది జెడ్‌ఎఫ్‌ఎస్ (రెయిడ్‌ను కూడా తానే నడిపే ఫైల్ సిస్టమ్). ప్రతి బ్లాకుకూ చెక్‌సమ్ (డేటా మారిందో లేదో తేల్చే అంకె) వేరుగా దాచుకుంటుంది కనుక ఏ నకలు చెడిందో గుర్తించి, మంచిదానితో చెడ్డదాన్ని సరిదిద్దుతుంది. డిస్కు మార్చినప్పుడు ఖాళీ చోటును వదిలేసి డేటా ఉన్నంత మేరకే తిరిగి రాస్తుంది. సగం నిండిన డిస్కుకు సగం పనే. స్థితి చూపే పట్టికలో రీడ్, రైట్, చెక్‌సమ్ అని మూడు గడులుంటాయి. మొదటి రెండూ సున్నాగా ఉండి చెక్‌సమ్ లెక్క మాత్రం పెరుగుతుంటే డిస్కు కన్నా ముందు కేబుల్‌ను, మెమొరీని, కంట్రోలర్‌ను అనుమానించండి. ఉన్న రెయిడ్‌జెడ్‌కు (జెడ్‌ఎఫ్‌ఎస్ వారి ప్యారిటీ రెయిడ్‌కు) ఒక్కో డిస్కు చేర్చుకుంటూ పోవడం చాలా కాలం కుదరలేదు. 2025 జనవరిలో వచ్చిన ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3తో ఆ సదుపాయమూ వచ్చింది. దీర్ఘకాలం దాచాల్సిన ఫుటేజీకి, నేర్చుకునే ఓపిక ఉన్నవారికి ఇదే ఉత్తమం. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే మరో లినక్స్ ఫైల్ సిస్టమ్ కూడా మిర్రర్ వరకు నమ్మదగినదే. దాని రెయిడ్ 5, 6 జోలికి మాత్రం పోకండి, దాన్ని తయారుచేసేవారే వద్దంటున్నారు.

విండోస్ వదలడం కుదరని వారికి స్టోరేజ్ స్పేసెస్ అనే విండోస్ సొంత సదుపాయం ఉంది, విండోస్ 8 కాలం నుంచీ. అందులో రెండు డిస్కుల మిర్రర్ వాడుకోవచ్చు. ప్యారిటీ రకం రాతల్లో బాగా నెమ్మది. ఇంకో చిక్కు: ఉన్న చోటు కన్నా ఎక్కువ సైజు డ్రైవ్‌ను అది సృష్టించనిస్తుంది. నిజమైన చోటు నిండిపోయిన రోజున ఆ డ్రైవ్ ఆఫ్‌లైన్ అయిపోతుంది. రెయిడ్ పాడైందనుకుని హడలిపోతారు. కావాల్సింది మరో డిస్కు మాత్రమే.

ఇవేవీ నేర్చుకునే తీరిక లేని స్టూడియో యజమానికి నాస్ పెట్టె మంచిది. డిస్కు పోతే ఫోనుకు సందేశం వస్తుంది, ఏ అరలోనిది పోయిందో దీపం చూపిస్తుంది, మార్చే పద్ధతి తెర మీద దశలవారీగా ఉంటుంది. సైనాలజీ వంటివారి సొంత పద్ధతుల్లో వేర్వేరు సైజుల డిస్కులను కూడా కలపవచ్చు. లోపల అది కూడా లినక్స్ రెయిడే కనుక పెట్టె చెడిపోతే డిస్కులను లినక్స్ కంప్యూటర్‌లో చదివే వీలుంది. ఒక్క జాగ్రత్త. డిస్కు పోయినప్పుడు పెట్టె బీప్ బీప్ మంటుంది. ఆ శబ్దం విసుగని ఆపేసి, డిస్కు తరువాత కొందామని వదిలేయడం నేను తరచూ చూసే విషయం.

ఏ డిస్కులు కొనాలి

ఎస్‌ఎంఆర్ రకం డిస్కులను రెయిడ్‌లో పెట్టకండి. వాటిలో ట్రాకులు ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కి ఉంటాయి కనుక ఎడతెగని రాతకు తట్టుకోలేక వేగం పాతాళానికి పడిపోతుంది. రీబిల్డ్ అంటేనే ఎడతెగని రాత. 2020 ఏప్రిల్‌లో వెస్టర్న్ డిజిటల్, నాస్‌ల కోసమే అమ్మిన తన రెడ్ శ్రేణిలో 2 నుంచి 6 టీబీ వరకున్న కొన్ని డిస్కులు ఎస్‌ఎంఆర్ అని బయటపెట్టింది. ఆ తరువాత సీఎంఆర్ (ట్రాకులు ఒకదాని మీద ఒకటి ఎక్కని) డిస్కులకు రెడ్ ప్లస్ అనే పేరు వచ్చింది. డబ్బా మీది బొమ్మను కాక మోడల్ నంబరును చూసి, సీఎంఆర్ అని నిర్ధారించుకున్నాకే డబ్బు ఇవ్వండి.

డెస్క్‌టాప్ డిస్కులతో ఇంకో తిప్పలు. చెడ్డ సెక్టార్ తగిలితే అవి నిమిషం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపు అక్కడే మొండిగా ప్రయత్నిస్తాయి. లినక్స్ మామూలుగా 30 సెకన్లు చూసి, డిస్కు స్పందించడం లేదని తీర్మానిస్తుంది. దాంతో బాగున్న డిస్కు కూడా రెయిడ్ నుంచి బయటికి పోతుంది. నాస్ డిస్కులు దాదాపు 7 సెకన్లలో ఓటమి ఒప్పుకుని, మిగతా పని రెయిడ్‌కు వదిలేస్తాయి. "డిస్కును పరీక్షిస్తే బాగానే ఉంది, అయినా నెలకోసారి బయటికి పోతోంది" అనే ఫిర్యాదుకు చాలాసార్లు మూలం ఇదే.

నాలుగూ ఒకే పెట్టెలోంచి తీసినవి కాకుండా రెండు చోట్ల కొంటే మంచిది. ఒకే రోజు తయారై, ఒకే లారీలో కుదుపులు తిని, ఒకే వేడిలో తిరిగినవి కొద్ది తేడాలో పోవడం వింత కాదు. అలాగే రెయిడ్ కట్టేటప్పుడు ప్రతి డిస్కు చివర వంద ఎంబీ వదిలేయండి. రేపు వేరే కంపెనీ 4 టీబీ డిస్కు తెస్తే అది కొన్ని సెక్టార్లు చిన్నదై, చోటు చాలదని రెయిడ్ మొండికేయకుండా ఉంటుంది.

ఆ రోజు వచ్చినప్పుడు

ముందుగా, పోయింది డిస్కా కేబులా? స్మార్ట్ (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) వివరాల్లో మూడు అంకెలు చూస్తే చాలావరకు తేలిపోతుంది. 5వ వరుస పాడై మార్చేసిన సెక్టార్లది, 197వది అనుమానాస్పదంగా పెండింగులో ఉన్నవాటిది. ఇవి పెరుగుతుంటే డిస్కుకు రోజులు దగ్గరపడ్డాయి. ఇవి సున్నాగా ఉండి 199వ వరుస మాత్రం పెరుగుతుంటే డేటా దారిలో చెడుతోందని అర్థం. సాటా కేబుల్ మార్చి చూడండి. రెయిడ్ కార్డు వెనక ఉన్న డిస్కులకు ఈ వివరాలు మామూలుగా కనిపించవు, కార్డు కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్‌తోనో, కార్డు రకాన్ని ప్రత్యేకంగా చెప్పో అడగాలి.

డిస్కు పోయిందని తేలాక జరిగే అతి పెద్ద ప్రమాదం ఏమిటంటే, దాన్ని వదిలి పక్కదాన్ని లాగేయడం. పెట్టెలో నాలుగూ ఒకేలా ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌డీసీ (లినక్స్ మూడో డిస్కుకు పెట్టే పేరు) అని ఉన్నది లోపల మూడోదే కావాలని లేదు. రీస్టార్ట్ చేస్తే ఆ పేర్లు తారుమారు కావచ్చు కూడా. నమ్మదగినది సీరియల్ నంబరు ఒక్కటే. డిస్కులు బిగించే రోజునే ప్రతి సీరియల్ నంబరులోని చివరి నాలుగు అక్షరాలను చిన్న కాగితం మీద రాసి, తలుపు తీయగానే కనిపించే అంచున అంటించండి. రెయిడ్ 5లో తప్పు డిస్కును లాగితే అక్కడితో అంతా ఆగిపోతుంది. రెయిడ్ 6లో ఆ పొరపాటుకు కూడా ఒక అవకాశం మిగిలి ఉంటుంది. నేను దాన్ని ఇష్టపడటానికి ఇదీ ఒక కారణం.

కొత్త డిస్కు పెట్టే ముందు, అంటే రీబిల్డ్ మొదలుకాక ముందే, ముఖ్యమైన డేటా వేరే చోట ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ముందు దాన్ని కాపీ చేసుకోండి. రీబిల్డ్‌లో రెండో డిస్కు పోయే అవకాశం ఉన్నప్పుడు వరస ఇలాగే ఉండాలి.

రెండు డిస్కులు ఒకే క్షణంలో మాయమైతే? రెండూ కలిసి చచ్చిపోయాయని వెంటనే నమ్మకండి. పవర్ వైరును రెండుగా చీల్చే కనెక్టరో, కంట్రోలరో, పవర్ సప్లయో కారణం కావచ్చు. ఇలాంటప్పుడు చేయకూడనివి ముందు చెబుతాను: కొత్త రెయిడ్ సృష్టించవద్దు, ఇనీషియలైజ్ నొక్కవద్దు, ఫార్మాట్ చేయవద్దు, సగం కనిపిస్తున్న డ్రైవ్ మీద చెక్‌డిస్క్ (విండోస్ డిస్కు మరమ్మతు ప్రోగ్రామ్) నడపవద్దు. ఇవన్నీ డిస్కుల మీద కొత్తగా రాసే పనులు. చేయాల్సింది, కంప్యూటర్ ఆపి వైర్లు సరిచూసి, అప్పటికీ రాకపోతే ఒక్కో డిస్కును డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో వేరే డిస్కు మీదికి నకలు తీయడం. ప్రయోగాలన్నీ ఆ నకళ్ల మీదే.

లినక్స్ రెయిడ్‌లో ఇక్కడ పనికొచ్చే గుర్తు ఒకటుంది. ప్రతి డిస్కూ ఈవెంట్ కౌంట్ అనే లెక్కను దాచుకుంటుంది. నాలుగింటి లెక్కనూ పక్కపక్కన రాసుకోండి. మూడింటి మధ్య స్వల్ప తేడానే ఉండి నాలుగోది ఎంతో వెనకబడి ఉంటే, ఆ నాలుగోది ఎప్పుడో బయటికి పోయిందని, ఎవరూ గమనించలేదని అర్థం. దానిలో ఉన్నది పాత డేటా. బలవంతంగా కూర్చేటప్పుడు దగ్గరి లెక్కలున్న మూడింటినే తీసుకుని, దాన్ని పక్కన పెట్టాలి. అన్నీ కలిపి కూర్చేస్తే కొత్త, పాత డేటా ఒకదానిలో ఒకటి కలిసి ఫైళ్లు ఛిన్నాభిన్నం అవుతాయి. డిస్కు లోపలి నుంచి టిక్ టిక్ మని శబ్దం వస్తుంటే మాత్రం ఇంట్లో ఏ ప్రయత్నమూ వద్దు. కరెంటు ఆపి రికవరీ నిపుణులకు ఇవ్వండి.

కరెంటు విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ప్యారిటీ రెయిడ్‌లో డేటా రాసి ప్యారిటీ రాసేలోపు కరెంటు పోతే రెండూ పొంతన లేకుండా మిగులుతాయి. ఆ పొరపాటు తరువాతి రీబిల్డ్ దాకా బయటపడకపోవచ్చు. యూపీఎస్ లేకుండా రెయిడ్ 5, 6 పెట్టకండి. ఇంటి ఇన్వర్టర్ ఉంది కదా అనుకుంటే, దాని వెనక యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉందో లేదో చూడండి. మామూలు మోడ్‌లో కరెంటు నుంచి బ్యాటరీకి మారే ఆ చిన్న వ్యవధికే కంప్యూటర్ రీస్టార్ట్ కావచ్చు. జెడ్‌ఎఫ్‌ఎస్ పాత బ్లాకు మీద రాయకుండా కొత్త చోట రాస్తుంది కనుక ఈ పొంతన లేమి దానికి అంటదు. అయినా యూపీఎస్ అవసరం తీరదు.

డబ్బు నాలుగు డిస్కులకే ఉంటే

రెయిడ్ బ్యాకప్ కాదని అందరూ చెబుతారు, అందరూ తలూపుతారు, మళ్లీ నాలుగు డిస్కులతో రెయిడ్ 5 కట్టేస్తారు. ఎవరైనా పొరపాటున ఒక పెళ్లి ఫోల్డర్‌ను చెరిపేస్తే అది అన్ని డిస్కుల్లోనూ అదే క్షణంలో చెరుగుతుంది. రాన్సమ్‌వేర్ (ఫైళ్లను బందీ చేసి డబ్బు అడిగే వైరస్) తాళం వేసినా అంతే.

అందుకే సొమ్ము నాలుగు డిస్కులకు మించి లేకపోతే, నా లెక్క ఇలా ఉంటుంది: రెండు డిస్కులు మిర్రర్‌గా కంప్యూటర్‌లో. మూడోది బయటి పెట్టెలో పెట్టి, వారానికోసారి బ్యాకప్ తీసుకుని, స్టూడియోలో కాక ఇంట్లో ఉంచండి. నాలుగోది సీలు తీసి పరీక్షించి బీరువాలో. చోటు 12 టీబీ కాస్తా 4 టీబీ అవుతుంది, నిజమే. కానీ డిస్కు పోయిన పూటే కొత్తది బిగించవచ్చు, మిర్రర్ మొత్తం పోయినా వారం పాతదైన నకలు ఉంటుంది. 4 టీబీ చాలదంటే డిస్కుల సంఖ్య పెంచకుండా 8 టీబీ డిస్కులకు మారండి. రెయిడ్ 6, రెయిడ్ 10 గురించి ఆలోచించాల్సింది బ్యాకప్ డిస్కుకు వేరే డబ్బు పక్కన పెట్టుకున్నాకే.

ఏది కట్టినా, అందులో అసలు డేటా వేయకముందు ఒక పూట కేటాయించి రిహార్సల్ చేయండి. కొన్ని ఫైళ్లు వేసి, కంప్యూటర్ ఆపి, ఒక డిస్కు కేబుల్ తీసి, మళ్లీ ఆన్ చేయండి. ఫైళ్లు తెరుచుకుంటున్నాయా? ఫోనుకో మెయిలుకో హెచ్చరిక వచ్చిందా? రాకపోతే హెచ్చరికల సెట్టింగ్ సరిచేసుకోవాల్సింది ఇప్పుడే. ఆ డిస్కును ఖాళీ చేసి, కొత్తదిగా తిరిగి చేర్చి, రీబిల్డ్‌కు ఎన్ని గంటలు పట్టిందో చూడండి. ఆ గంటలు, నాలుగు సీరియల్ నంబర్లు, ఏ సాఫ్ట్‌వేర్ లేదా ఏ కార్డు, ఏ స్థాయి, కొన్న తేదీలు, వారంటీ ఎప్పటి దాకా అన్నవి ఒక కాగితం మీద రాసి క్యాబినెట్ తలుపు లోపలి వైపు అంటించండి. డిస్కు పోయిన రోజున మీరు ఊళ్లో లేకపోయినా, పెట్టె తెరిచినవారు దాన్ని చదివి పని మొదలుపెట్టగలగాలి.